మీకు తెలుసా? డిసెంబర్ 4 కథ

1971 భారత్-పాక్ యుద్ధ సమయంలో, డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటగానే విశాఖపట్నం తీరంలో భారీ పేలుడు వినిపించింది. మన విమానవాహక నౌక విక్రాంత్ కోసం మాటువేసిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ, రేవు ముందే మునిగిపోయింది. విక్రాంత్ అసలు అక్కడ ఉంటేగా! ముందే అండమాన్ వైపు తరలించేశారు. 4వ తేదీనే దాని విమానాలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్‌పై బాంబులు వేశాయి. ఘాజీని ముంచింది రాజ్‌పుత్ నౌకేనని మన నేవీ, అది ప్రమాదమని పాకిస్తాన్ అంటాయి. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. 4వ తేదీ రాత్రే మన నిపత్, నిర్ఘాత్, వీర్ క్షిపణి పడవలు కరాచీపై విరుచుకుపడ్డాయి. రాజస్థాన్‌లోని లోంగేవాలాలో అదే రాత్రి సుమారు 120 మంది మన జవాన్లు పాకిస్తాన్ ట్యాంకులను తెల్లారేదాకా నిలువరించారు. కరాచీ దాడికి గుర్తుగానే ఏటా డిసెంబర్ 4న నేవీ డే జరుపుతారు. విశాఖ వెళ్తే ఆర్కే బీచ్‌లో 1971 విజయ స్మారకం చూసి రండి.