తప్పిపోయిన కొడుకు తిరిగొచ్చాడు, మరి గడప బయట ఎవరు?

క్రైస్తవ కుటుంబ నవల అనగానే ఒక మూస గుర్తొస్తుంది. ఇల్లు విడిచిన కొడుకో కూతురో, ఏళ్ళ తరబడి మాటల్లేని తండ్రి, చివర కన్నీళ్ళు, క్షమాపణ, కలయిక. అమెరికాలో ఇలాంటి ‘ఇంటిల్లిపాదీ చదవదగ్గ’ నవలలకు పెద్ద మార్కెట్టే ఉంది. బెవర్లీ లూయిస్ 1997లో రాసిన ‘ద షన్నింగ్’ లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. అది ఆమిష్ సమాజం వెలేసిన ఒక యువతి కథ.

ఈ మూసకు మూలం లూకా సువార్త 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుడి ఉపమానం. మన పేటల్లో సండే స్కూలుకి వెళ్ళిన పిల్లలందరికీ తెలిసిందే. ఆస్తి పంచుకుపోయి తగలేసిన చిన్నకొడుకు, పందులు మేపే గతి పట్టాక, నాన్న దగ్గర కూలివాడిగానైనా బతుకుదామని తిరిగొస్తాడు. తండ్రి ఎదురు పరిగెత్తి కొడుకుగానే చేర్చుకుంటాడు. ఇందులో గొప్ప మానవత్వం ఉంది, కాదనం. కానీ కూలి చేసి బతికినవాళ్ళ పిల్లలుగా మనం ఇంకో సంగతీ చూడాలి. కొడుకు కూలివాడు కాకుండా బయటపడ్డాడు సరే, ఆ ఇంటి కూలివాళ్ళు మాత్రం కూలివాళ్ళుగానే మిగిలారు.

ఈ లోటును విశ్వాసం లోపలినుంచే పట్టుకున్న రచయిత్రి మెరిలిన్ రాబిన్సన్. ఆమె ‘గిలియడ్’ నవలకు 2005లో పులిట్జర్ బహుమతి వచ్చింది. అదే ఊరి కథను 2008లో ‘హోమ్’లో మరో ఇంటినుంచి చెప్పింది. కాలం 1956. చోటు అయోవా రాష్ట్రంలో ఒక కల్పిత ఊరు. ముసలి పాస్టరు బౌటన్ చావుకు దగ్గరపడ్డాడు. 20 ఏళ్ళు పత్తా లేకుండా పోయి, తల్లి అంత్యక్రియలకైనా రాని కొడుకు జాక్ తిరిగొస్తాడు. తండ్రి సంతోషిస్తాడు. మూస ప్రకారం ఇక సుఖాంతమే గదా! కాదు.

జాక్ ఒక సంగతి దాచాడు. మిస్సోరీలో అతను భార్యగా స్వీకరించిన డెల్లా నల్లజాతి టీచరు. వాళ్ళకో కొడుకు. అక్కడి చట్టం ఆ పెళ్ళిని ఒప్పుకోదు. 1967లో లవింగ్ కేసులో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా అలాంటి చట్టాలు చాలా రాష్ట్రాల్లో బతికే ఉన్నాయి. అలబామాలో నల్లవాళ్ళ మీద దౌర్జన్యాన్ని టీవీలో చూసి జాక్ చలించిపోతే, తండ్రి తప్పంతా నల్లవాళ్ళ మీదికే నెడతాడు. ఆయన దుర్మార్గుడేం కాదు, కొడుకు కోసం ఏళ్ళపాటు ప్రార్థించినవాడు. చిక్కంతా అక్కడే ఉంది. ఆయన ప్రేమ ఇంటి గడప దాటింది గానీ వర్ణం గీత దాటలేదు. డెల్లా తండ్రీ పాస్టరే, ఆయనా జాక్‌ని ఒప్పుకోడు. అయితే ఈ రెండు నిరాకరణలూ ఒకటి కావు. ఒకదాని వెనక ఆధిపత్యం ఉంది, రెండోదాని వెనక దెబ్బతిన్న జాతి భయం ఉంది.

జాక్ వెళ్ళిపోయాక డెల్లా కొడుకుతో ఆ ఇంటికి వస్తుంది. చీకటి పడితే ఆ దారిలో నల్లవాళ్ళకు క్షేమం కాదు. మనవడు తాతను చూడకుండానే వెనుదిరుగుతాడు.

మన దగ్గర కులాంతర పెళ్ళి చేసుకున్నవాళ్ళకు చెప్పే సలహా ఏమిటి? ‘పెద్దవాళ్ళ కాళ్ళమీద పడండి, అన్నీ సర్దుకుంటాయి’ అని. 2018లో మిర్యాలగూడలో ప్రణయ్ హత్య తర్వాత కూడా దీన్ని ఇంటి గొడవే అందామా? కులం పెట్టిన ఎడబాటును కౌగిలింత ఒక్కటే తీర్చలేదు.

కాబట్టి కలయిక కథ ఏది చదివినా, గుడిలో విన్నా చర్చిలో విన్నా, మనం మూడు ప్రశ్నలు అడగాలి. క్షమాపణ ఎవర్ని అడగమంటున్నారు? ఇల్లెవరిది? విందు వండిపెట్టినవాళ్ళకు బంతిలో చోటుందా?