కరెంటు బాకీ: మాఫీ కోసం ఆగకండి, వాయిదాలు అడగండి

‘గృహజ్యోతి వచ్చింది కదా, పాత బాకీ కూడా సర్కారే చూసుకుంటది. ఎవరూ కట్టకండి.’ పటాన్‌చెరు, ఇస్నాపూర్, పాశమైలారం, బొల్లారం అద్దె గదుల్లో ఈ మాట ఇంకా తిరుగుతూనే ఉంది. దీన్ని నమ్మిన ఇంట్లో బాకీ నెలనెలా పెరుగుతుంది. ఒకరోజు లైన్‌మెన్ వచ్చి కనెక్షన్ తీసేస్తాడు. పిల్లల చదువు చీకట్లో పడుతుంది. అప్పుడు నూటికి ఐదు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి బిల్లు కడతారు. ఆ పుకారు పుట్టించినవాడు మాత్రం పైసా ఇవ్వడు.

అపోహ: గృహజ్యోతితో పాత బకాయిలు రద్దయ్యాయి.

వాస్తవం: కాలేదు. తెలంగాణలో 2024 మార్చి బిల్లుల నుంచి అమలైన ఈ పథకం అర్హులైన ఇళ్లకు ఆ నెలలో 200 యూనిట్ల లోపు వాడకానికి సున్నా బిల్లు ఇస్తుంది. అంతకు ముందు కాల్చిన కరెంటుతో దానికి సంబంధం లేదు. పాత బాకీ మీ సర్వీస్ కనెక్షన్ (యూఎస్‌సీ) నంబరు కింద అలాగే ఉంటుంది. వాడకం 200 దాటిన నెలలో ఆ పైన వాడిన యూనిట్లకే కాదు, మొత్తానికీ బిల్లు పడుతుంది. ఒకే మీటరు కింద నాలుగైదు గదులున్న కాంపౌండ్లలో ఇది తేలిగ్గా దాటిపోతుంది. ‘మాకు ఫ్రీ’ అనుకుని బిల్లు చూడకుండా పక్కన పెట్టేసేవారి బాకీలు అక్కడే మొదలవుతాయి.

ఒక్క విషయం మాత్రం ఒప్పుకోక తప్పదు. ఈ పుకారుకు వేరు ఉంది. 2004 మేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి రైతులకు ఉచిత విద్యుత్తు ఇస్తూ, పంపుసెట్ల పాత బకాయిలు రద్దు చేశారు. ఆ జ్ఞాపకం జనంలో బతికే ఉంది. కానీ అది వ్యవసాయానికి, సంతకం పడిన ఫైలుతో జరిగింది. ఉత్తర్వు వస్తేనే మాఫీ. వాట్సాప్‌లో వచ్చిన మాట ఉత్తర్వు కాదు.

అపోహ: మొత్తం కడితేనే తీసుకుంటారు, ఆఫీసుకు పోయి లాభం లేదు.

వాస్తవం: లాభం ఉంది, వాయిదాలు అడగవచ్చు. కాకపోతే అవి మన హక్కు కాదు, అధికారి విచక్షణ. బ్రిటన్‌లో అయితే బాకీపడ్డ కుటుంబం ఎంత కట్టగలదో చూసే వాయిదా నిర్ణయించాలని అక్కడి ఇంధన నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్ నిబంధనలే చెబుతాయి. ఇక్కడ మనమే అడగాలి. అడిగితే ఇచ్చిన సందర్భాలున్నాయి. ఫిర్యాదుల పరిష్కార ఫోరం, విద్యుత్ అంబుడ్స్‌మన్ కూడా వాయిదాలు ఇప్పించిన ఉత్తర్వులున్నాయి. నోటిమాటగా లైన్‌మెన్‌ను బతిమాలితే పని జరగదు.

అపోహ: బిల్లు తప్పయితే పైసా కట్టకూడదు, కడితే ఒప్పుకున్నట్టే.

వాస్తవం: విద్యుత్ చట్టం 2003లోని 56వ సెక్షన్ దీనికి దారి చూపింది. అడిగిన మొత్తం, లేదా గత ఆరు నెలల సగటు ప్రకారం లెక్కించిన మొత్తం, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది అభ్యంతరం తెలుపుతూ కట్టండి. వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదు. మామూలు బాకీకైనా 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాల్సిందే.

ఇక మిగిలినవి:

• రెండేళ్లు దాటితే బాకీ పోతుందా? ప్రతి బిల్లులోనూ బకాయిగా చూపిస్తూ వస్తే పోదు.
• కరెంటు కట్ చేస్తే కొక్కెం వేసుకోవచ్చా? అది విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద దొంగతనం. మూడేళ్ల దాకా జైలు పడవచ్చు.
• ‘ఈ రాత్రి కరెంటు కట్, ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అనే మెసేజ్? మోసం. 1912కు ఫోన్ చేసి అడగండి.

బాకీ ఉన్నవాళ్లు ముందు ఇంటి లెక్క వేసుకోండి. జీతం, అద్దె, బియ్యం, ఫీజులు పోగా నిజంగా ఎంత మిగులుతుంది? ఆరు వేల బాకీ ఉంటే, నెలకు వెయ్యి చొప్పున ఆరు నెలలు, దాంతోపాటు ఏ నెల బిల్లు ఆ నెల కడతామని తెల్లకాగితం మీద రాయండి. జీతం స్లిప్పు, పాత బిల్లులు జతచేయండి. అసిస్టెంట్ డివిజనల్ ఇంజినీర్ (ఏడీఈ) ఆఫీసులోనో, విద్యుత్ రెవెన్యూ ఆఫీసు (ఈఆర్వో)లోనో ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. కుదిరితే ఆ రోజే కొంత కట్టి రసీదు దాచుకోండి. మెప్పు కోసం ఎక్కువ వాయిదా ఒప్పుకోకండి. రెండో నెలే తప్పితే మళ్లీ అడగడానికి ముఖం చెల్లదు. కాదంటే ఫోరానికి రాయండి, ఆ తర్వాత అంబుడ్స్‌మన్ ఉన్నారు. కిరాయిదారులైతే యజమాని తీసుకున్న డబ్బు నిజంగా బిల్లుకు కట్టాడా లేదా అన్నది ప్రతి నెలా చూసుకోండి.

కనెక్షన్ తీసేశాక పరుగెత్తడం కంటే నోటీసు రాగానే ఆఫీసుకు పోవడం మేలు. ఈ నెల బిల్లు తీసి అందులో బకాయి ఎంతుందో ఇవాళే చూడండి.