ఆకుపచ్చ ఇసుక పుట్టుక

దక్షిణ ఇంగ్లండ్‌లో తెల్లటి సుద్దరాతి కింద అప్పర్ గ్రీన్‌శాండ్ అనే ఇసుకరాతి పొర ఉంది. ఇది సుమారు 10 కోట్ల ఏళ్ల క్రితం, క్రెటేషియస్ యుగంలో, తీరానికి ఆవల లోతు తక్కువ సముద్రంలో పేరుకున్నది. దీని ఆకుపచ్చ ఛాయకు కారణం గ్లాకొనైట్, ఇనుము, పొటాషియం ఉన్న బంకమట్టి ఖనిజం. భూతద్దంలో చూస్తే ముదురాకుపచ్చ గుండ్రటి గింజలు, కొన్నిటి మీద పగుళ్లు కనిపిస్తాయి. ఈ పొరకు ఇంకా దిగువనున్న లోయర్ గ్రీన్‌శాండ్ పేరుకే ఆకుపచ్చ; బయటపడ్డ చోట గాలికీ నీటికీ ఇనుము తుప్పుపట్టి చాలావరకు గోధుమరంగుకు మారిపోయింది.

సముద్రంలోని బంకమట్టిలో ఎక్కువ భాగం నదులు తెచ్చిందే. అందులో కయొలినైట్ అనే ఖనిజం తీరానికి దగ్గరగా దిగిపోతుంది. మరీ సన్నని స్మెక్టైట్ అనే మరో ఖనిజం దూరం పోతుంది. వేసవిలో నల్లరేగడి నేలలు నెర్రెలు విచ్చేది ఈ స్మెక్టైట్ వల్లే. గ్లాకొనైట్ మాత్రం సముద్రం అడుగునే పుడుతుంది.

అడుగున చేరిన బురదలో, పైనున్న కొద్దిపాటి మందంలోనే రసాయన మార్పులు మొదలవుతాయి. సేంద్రియ పదార్థాన్ని తినే బాక్టీరియా ముందు ఆక్సిజన్‌ను, తర్వాత మాంగనీస్, ఇనుము ఆక్సైడ్లను, ఆపైన సల్ఫేట్‌ను వాడుకుంటాయి. ఆక్సైడ్లలోని ఇనుము కరిగి బురదనీటిలోకి వస్తుంది. సల్ఫేట్ నుంచి పుట్టే సల్ఫైడ్ పుష్కలంగా ఉంటే ఆ ఇనుమంతా దానితో కలిసి పైరైట్ అనే ఖనిజం పాలవుతుంది. అందుకే గ్లాకొనైట్‌కు ఆక్సిజన్ ఉన్న నీటికీ లేని బురదకూ నడిమి అంచు అనుకూలం. పురుగుల విసర్జన గుళికలు, ఫొరామినిఫెరా అనే ఏకకణ జీవుల పెంకుల్లోని ఖాళీ గదులు దానికి పుట్టిళ్లు. ముందు ఇనుము ఎక్కువగా ఉన్న స్మెక్టైట్ ఏర్పడి, ఆ తర్వాత సముద్రపు నీటి నుంచి పొటాషియంను కొద్దికొద్దిగా చేర్చుకుంటుంది. లేత గింజలో పొటాషియం ఆక్సైడ్ 2–4 శాతం; బాగా ముదిరితే 8 శాతం దాటుతుంది. అలా ముదరడానికి లక్షల ఏళ్లు పట్టవచ్చు.

అంతకాలం గింజ కొత్త బురద కింద కప్పబడిపోకూడదు. సముద్రమట్టం పెరిగి నదుల మట్టి తీరం దగ్గరే ఆగిపోయిన కాలాల్లో అది సాధ్యం. ముదిరిన గ్లాకొనైట్ పొర కనిపిస్తే భూగర్భ శాస్త్రవేత్తలు మట్టి పేరుకోవడంలో అలాంటి విరామాన్ని అనుమానిస్తారు. అయితే గింజలు ఎన్ని ఉన్నాయన్న లెక్క ఒక్కటే చాలదు. పాత పొరల్లోంచి అలలు కడిగి తెచ్చినవీ వాటిలో ఉండవచ్చు.

ఈ పొటాషియంతోనే పొర వయసూ కట్టవచ్చు. అందులోని రేడియోధార్మిక రూపమైన పొటాషియం–40 అర్ధాయువు సుమారు 125 కోట్ల ఏళ్లు. అది విఘటనం చెందితే కొంత ఆర్గాన్ అవుతుంది; గింజలో పేరుకున్న ఆ ఆర్గాన్‌ను బట్టే వయసు లెక్కిస్తారు. లేత గింజలో పాత మట్టి నాటి ఆర్గాన్ మిగిలి ఉంటే వయసు ఎక్కువగా తేలుతుంది. లోతున పూడి వేడెక్కిన గింజలోంచి ఆర్గాన్ జారిపోతే తక్కువగా తేలుతుంది. కాబట్టి పొటాషియం అధికంగా ఉండి, ఎక్కువ లోతుకు పూడని గింజలనే ఈ పనికి ఏరుకుంటారు.