మార్పులు చేసిన కారుకు ఎఫ్‌సీ: అపోహలు – వాస్తవాలు

అపోహ: ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) లారీలకు, ట్యాక్సీలకే. సొంత కారుకు అక్కర్లేదు.

వాస్తవం: సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లే చెల్లుతుంది. ఆ తర్వాత ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించాలి. అప్పుడు ఎఫ్‌సీ కోసం తనిఖీ తప్పదు.

అపోహ: కారులో ఏది మార్చినా నేరమే.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం (1988) 52వ సెక్షన్ ప్రకారం, వాహన నిర్మాణాన్ని మార్చడం వల్ల దాని మౌలిక స్వరూపం మారితేనే అది నిషిద్ధమైన మార్పు. సీటు కవర్లు, మ్యూజిక్ సిస్టమ్ ఆ లెక్కలోకి రావు. రంగు మార్చుకోవచ్చు, కాకపోతే ఆర్సీలో (రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లో) కారు రంగు రాసి ఉంటుంది కాబట్టి ఆర్టీఏలో ఆ మార్పును నమోదు చేయించాలి.

అపోహ: ఫీజు కట్టి ఆర్సీలో ఎక్కిస్తే ఏ మార్పైనా చెల్లుతుంది.

వాస్తవం: కొలమానం తయారీ సంస్థ ఇచ్చిన వివరాలే. వాటికి విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. చట్టమే అనుమతించినవి కొన్ని ఉన్నాయి. దివ్యాంగులు నడిపేందుకు వీలుగా చేసే మార్పులు వాటిలో ఒకటి. ఇలాంటి మినహాయింపు ఉండి తీరాల్సిందే. సీఎన్‌జీ కిట్ మరొకటి. కిట్ ఆమోదం పొందినదై ఉండాలి, ఆర్సీలో ఇంధనం మారాలి, సిలిండర్‌కు మూడేళ్లకోసారి పీడన పరీక్ష జరగాలి.

అపోహ: ముందు ఇనుప గార్డు ఉంటే ప్రాణానికి రక్ష.

వాస్తవం: అపోహలన్నింటిలో ప్రమాదకరమైనది ఇదే. గుద్దుకున్నప్పుడు కారు ముందు భాగం నలిగి, ఆ దెబ్బను తాను తీసుకునేలా తయారవుతుంది. గార్డును నేరుగా ఛాసిస్‌కు బిగిస్తే ఆ దెబ్బ లోపలున్నవారిదాకా వెళ్తుంది. ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లు సమయానికి స్పందించకపోవచ్చు. తగిలిన పాదచారికి గాయం మరింత లోతవుతుంది. ఈ గార్డులపై చర్య తీసుకోవాలని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు రాసింది.

అపోహ: పెద్ద టైర్లు వేస్తే పట్టు పెరుగుతుందే తప్ప ఇబ్బంది ఉండదు.

వాస్తవం: టైరు చుట్టుకొలత పెరిగితే స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. కారు నిండా జనం ఎక్కి, స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు. సందేహం ఉంటే తనిఖీకి ముందే ఇలా తిప్పి చూసుకోవాలి.

అపోహ: షాపులో అమ్ముతున్నారంటే చట్టం ఒప్పుకున్నట్టే. కాదన్నా, తనిఖీ రోజున పాత భాగాలు బిగిస్తే చాలు.

వాస్తవం: షాపులో దొరకడం అనుమతి కాదు. తనిఖీ దాటాక అనుమతి లేని భాగాలనే మళ్లీ బిగిస్తే, ఆ ఎఫ్‌సీ ఏ రక్షణా ఇవ్వదు. చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు.