ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలదు

అన్నం ఉడికిందో లేదో తెలుసుకోవటానికి అమ్మ ఒక్క మెతుకు పట్టి చూస్తుంది. లెక్కల్లో కూడా ఈ పద్ధతి పనికి వస్తుందా? "నిరూపించుము" అని అడిగితే రెండు మూడు సంఖ్యలు వేసి చూసి, "కనుక నిరూపించబడినది" అని రాసే విద్యార్థులను నేను ఏటా చూస్తూనే ఉన్నాను. వారు ఈ సంఖ్య కథ తెలుసుకోవాలి:

4294967297

అంటే 429 కోట్ల 49 లక్షల 67 వేల 297. ఇది 2³² + 1.

17వ శతాబ్దంలో ఫ్రాన్సు దేశంలో ఫెర్మా అనే గొప్ప గణితవేత్త ఉండేవాడు. ఆయన 2 యొక్క ఘాతాన్ని ప్రతిసారీ రెట్టింపు చేస్తూ, వచ్చినదానికి 1 కలుపుతూ పోయాడు.

2¹ + 1 = 3
2² + 1 = 5
2⁴ + 1 = 17
2⁸ + 1 = 257
2¹⁶ + 1 = 65537

ఈ అయిదూ ప్రధాన సంఖ్యలే! ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 1640లో ఫెర్మా ఒక ఉత్తరంలో రాశాడు. నిరూపణ తనకు దొరకలేదని ఒప్పుకుంటూనే, అది నిజమని గట్టిగా నమ్మాడు. అయిదు మెతుకులు చూశాడు; అయిదూ ఉడికాయి మరి!

ఆరవది మన సంఖ్య. దానిని పరీక్షించాలంటే 65536 లోపు ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి 6542 ఉన్నాయి. చేతితో చేయటానికి ఎంత ఓపిక కావాలో ఊహించండి.

1732లో ఆయిలర్ అనే గణితవేత్త దానికి ఒక కారణాంకం కనుక్కున్నాడు. అది 641.

4294967297 = 641 × 6700417

ఈ సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే 1 ఎక్కువగా ఉండాలని కూడా ఆయన తరువాత నిరూపించాడు. అటువంటి ప్రధాన సంఖ్యలు వరుసగా 193, 257, 449, 577, 641. అంటే అయిదవ భాగహారంలోనే జవాబు దొరుకుతుంది. 6542 ఎక్కడ, 5 ఎక్కడ!

అసలు భాగహారమే చేయకుండా కూడా తేల్చవచ్చు. కాగితం, పెన్సిలు తీసుకోండి.

641 = 625 + 16 = 5⁴ + 2⁴. రెండు వైపులా 2²⁸తో గుణిస్తే, 5⁴ × 2²⁸ + 2³² వస్తుంది. ఇది 641 గుణిజం.

640 = 5 × 2⁷ కాబట్టి 640⁴ = 5⁴ × 2²⁸. x⁴ − 1కు x + 1 కారణాంకమని మీకు తెలుసు. x = 640 అనుకుంటే, 5⁴ × 2²⁸ − 1 కూడా 641 గుణిజమే.

మొదటి దానిలోనుంచి రెండవది తీసివేయండి. మిగిలేది 2³² + 1. రెండు గుణిజాల తేడా కూడా గుణిజమే కదా! ఇదీ నిరూపణ అంటే.

ఆ తరువాత 2⁶⁴ + 1 మొదలు ఈ వరుసలో ఇంతవరకు తేల్చగలిగినవన్నీ సంయుక్త సంఖ్యలే. ఆ అయిదు తప్ప మరో ప్రధాన సంఖ్య ఇప్పటికీ దొరకలేదు. అన్నీ ఉడికాయనటానికి అయిదు మెతుకులు చాలలేదు. కాదనటానికి ఉడకని మెతుకు ఒక్కటి చాలింది.

మీకొక పని: n² + n + 41లో nకు బదులు 1, 2, 3 అని వరుసగా వేసి చూడండి. వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనా? తొందరపడి అవునని మాత్రం రాయకండి!