సుళ్లు చూసి కత్తిరించాలి

గుర్రం బేరంలో సుళ్లు చూడటం మనవాళ్లకు తాతల నాటి అలవాటు. నుదుటి మీద ఎన్ని, మెడ మీద ఎటు తిరిగాయి అని చూశాకే బయానా ఇస్తారు. శుభాశుభాల మాట ఎలా ఉన్నా, ఇంటి దగ్గరే గుర్రానికి బొచ్చు కత్తిరించాలనుకునేవారు మాత్రం ఆ సుళ్లు తెలుసుకుని తీరాలి.

హోసూరు ప్రాంతానికి గుర్రాలతో పాత చుట్టరికమే ఉంది. మత్తిగిరి పశువుల ఫారం 1824లో మొదలైంది సైన్యానికి గుర్రాలను అందించడానికే. ఇప్పటికీ పెళ్లి ఊరేగింపులకు, సవారీకి గుర్రాలను సాకేవాళ్లు సరిహద్దుకు రెండు వైపులా ఉన్నారు.

ఎందుకు కత్తిరించాలి?

పగటి పొద్దు తగ్గేకొద్దీ గుర్రానికి బొచ్చు ఒత్తుగా పెరుగుతుంది. హోసూరు, కోలారు మెట్టల్లో శీతాకాలం రాత్రి చలి, పగలు ఎండ. ఒత్తు బొచ్చుతో పనిచేసిన గుర్రానికి పట్టిన చెమట తొందరగా ఆరదు. తడి ఒంటితోనే రాత్రి చలికి వణుకుతుంది. కత్తిరించేది అందుకే, అందం కోసం కాదు. పెద్దగా పని చేయని గుర్రానికి ఆ అవసరం లేదు. కొద్దిగా చెమట పట్టేదానికి మెడ కింద, రొమ్ము మీద, పొట్ట కింద తీస్తే సరిపోతుంది.

ఎలా చెయ్యాలి?

ముందురోజే ఒళ్లు కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి. దుమ్ము ఉంటే బ్లేడు మొద్దుబారి చారలు పడతాయి. ఎక్కడిదాకా తీయాలో సుద్దముక్కతో గీత గీసుకుంటే రెండు పక్కలా ఒకేలా వస్తుంది. మిషన్‌ను ముందు దూరంగా ఆన్ చేసి, ఆ చప్పుడుకు గుర్రాన్ని అలవాటు చెయ్యాలి. పగ్గం పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి.

భుజం దగ్గర మొదలుపెట్టి, వెంట్రుకలు పడుకున్న దిక్కుకు ఎదురుగా, నొక్కకుండా పొడవుగా లాగాలి. ఒక వరుస మీదికి ఇంకో వరుస కొంచెం ఎక్కాలి. రొమ్ము, డొక్కల దగ్గర సుడి వస్తే, వెంట్రుక ఎటు తిరిగితే మిషన్‌ను దానికి ఎదురుగా తిప్పాలి. ముంగాలి చంకలో చర్మం ముడతలు పడుతుంది. కాలు ముందుకు లాగి పట్టుకుంటే తెగదు. మధ్యమధ్యలో బ్లేడుకు నూనె వేసి, మీ చెయ్యి వెనకవైపు ఆనించి చూడండి. వేడెక్కితే ఆపెయ్యాలి.

లాడాలు ఇనుపవి. తడి నేల మీద కరెంటు వైరు ప్రాణాంతకం. బ్యాటరీ మిషన్ మేలు. ఒక గుర్రానికి వాడిన బ్లేడును శుభ్రం చెయ్యకుండా ఇంకోదానికి వాడితే తామర అంటుకుంటుంది. ఎంత బెదిరినా మత్తుమందు సొంతంగా ఇవ్వకూడదు, అది డాక్టరు పని.

ఇవి ముట్టుకోవద్దు

మూతి చుట్టూ, కళ్ల చుట్టూ ఉండే పొడుగాటి వెంట్రుకలతో గుర్రం తడిమి తెలుసుకుంటుంది. వాటిని తీసిన గుర్రాలను అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య 2021 జులై 1 నుంచి పోటీలకు రానివ్వడం లేదు. చెవి లోపలి వెంట్రుకలు పురుగులను ఆపుతాయి. తోక ఈగలను తోలుకోవడానికి. జీను కింద బొచ్చు ఉంచితే ఒరిపిడి తగ్గుతుంది. కత్తిరించాక రాత్రిళ్లు కంబళి కప్పడం మరవద్దు.

వేసవిలోనూ రాలకపోతే

పొద్దు పెరిగేకొద్దీ శీతాకాలపు బొచ్చు దానంతటదే రాలాలి. వైశాఖం వచ్చినా ముసలి గుర్రానికి బొచ్చు పొడుగ్గానే ఉంటే మెదడు కింది పిట్యూటరీ గ్రంథి జబ్బు కావచ్చు. దానివల్ల గిట్టల్లో వాపు వచ్చి నడవలేకుండా పోయే ప్రమాదం ఉంది. కత్తిరిస్తే ఒంటికి హాయే గానీ, జబ్బు పోదు. పైగా పైకి కనిపించే గుర్తు చెరిగిపోతుంది. అలాంటి గుర్రానికి మిషన్ పెట్టకముందే పశువుల డాక్టరుకు చూపించాలి.