ఆగిన కారుకు గాలెక్కడిది? భిలాయి ఎండలో రేడియేటర్ ఫ్యాన్ చెప్పే పాఠం

మే నెల మధ్యాహ్నం. ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కు నగరం భిలాయిలో ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీల సెల్సియస్‌ను తాకే రోజులు. కర్మాగారంలో షిఫ్టు మారింది. సుపేలా దగ్గర వాహనాలు బారులు తీరాయి. వాటి మధ్య ఇరుక్కున్న ఒక కారును ఊహించుకోండి. ముందుగా ఏసీ గాలిలో చల్లదనం తగ్గుతుంది. కాసేపటికి డ్యాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు మధ్య గీత దాటి ఎర్ర గుర్తు వైపు జరుగుతుంది. దారి దొరికి కారు వేగం అందుకోగానే ముల్లు దిగుతుంది, ఏసీ మళ్లీ చల్లగా వీస్తుంది. "సర్దుకుందిలే" అని చాలామంది ఊరుకుంటారు.

కానీ కారు అప్పటికే తన జబ్బు ఎక్కడుందో చెప్పేసింది. ఆగినప్పుడు వేడెక్కి, పరుగెత్తినప్పుడు చల్లబడే ఇంజన్‌లో మొదట అనుమానించాల్సింది రేడియేటర్ ఫ్యాన్‌నే. ఎందుకో తెలియాలంటే ఇంజన్‌లో వేడి ఎక్కడ పుడుతుందో, ఏ దారిలో బయటికి పోతుందో చూడాలి.

సిలిండర్‌లో ఒక కొలిమి

భిలాయి వాసులకు కొలిమి కొత్త కాదు. సోవియట్ యూనియన్ సహకారంతో నిర్మించిన ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. బ్లాస్ట్ ఫర్నేస్ నుంచి ద్రవ ఇనుము సుమారు 1,500 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. ఆ వేడికి కొలిమి గోడ పాడవకుండా కాపాడేది, గోడలోని లోహపు పలకల గుండా ఎడతెగకుండా పారే నీరు.

కారు ఇంజన్‌లోనూ ఇదే ఏర్పాటు ఉంటుంది, కొలత మాత్రం చిన్నది. ఇంధనం మండే క్షణంలో సిలిండర్‌లోని వాయువుల వేడి 2,000 డిగ్రీలు దాటుతుంది. చాలా కార్లలో సిలిండర్ హెడ్‌ను అల్యూమినియం మిశ్రలోహంతో చేస్తారు. స్వచ్ఛమైన అల్యూమినియం 660 డిగ్రీలకే కరిగిపోతుంది. అయినా హెడ్ చెక్కుచెదరకుండా ఉంటుందంటే, దాని లోపలి కాలువల్లో తిరిగే కూలెంట్ వేడిని ఎప్పటికప్పుడు మోసుకుపోవడమే కారణం.

ఇంధనంలోని శక్తిలో స్థూలంగా మూడో వంతు పొగ గొట్టం ద్వారా పోతుంది, మరో మూడో వంతు కూలెంట్‌లోకి చేరుతుంది. ఆగి ఉన్న చిన్న కారు ఇంజన్ గంటకు ముప్పావు లీటరు పెట్రోలు తాగుతుందనుకుంటే, కూలెంట్‌లోకి చేరే వేడి రెండు కిలోవాట్ల పైమాటే. స్నానాల గదిలోని గీజర్ ఆపకుండా నడిచినంత వేడి అది. ఆ వేడిని బయటి గాలికి అప్పగించడం రేడియేటర్ పని. కారు పరుగెత్తుతున్నప్పుడు గాలి తనంత తానే గ్రిల్ గుండా దూసుకువస్తుంది. కారు ఆగితే ఆ గాలీ ఆగుతుంది. అప్పుడు రేడియేటర్‌కు దిక్కు ఫ్యాన్ ఒక్కటే.

ఎండాకాలం లెక్క

వేడి వస్తువు చల్లబడే వేగం, దానికీ చుట్టూ ఉన్న గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుందని న్యూటన్ 1701లో ప్రచురించిన పత్రంలో చెప్పాడు. ఈ సూత్రాన్ని రేడియేటర్‌కు అన్వయిస్తే వేసవి కష్టం అంకెల్లో కనిపిస్తుంది. కూలెంట్ 95 డిగ్రీల దగ్గర ఉందనుకుందాం. జనవరి తెల్లవారుజామున గాలి 10 డిగ్రీలుంటే తేడా 85. మే నెలలో గాలి 45 డిగ్రీలుంటే తేడా 50 మాత్రమే. అంటే అదే రేడియేటర్, అదే గాలి ప్రవాహం ఉన్నా బయటికి పోయే వేడి దాదాపు 40 శాతం తగ్గిపోతుంది.

ఇంకో మెలిక ఉంది. చాలా కార్లలో ఏసీ కండెన్సర్ రేడియేటర్‌కు ముందు ఉంటుంది. కారు లోపలి నుంచి తోడిన వేడిని అది గాలిలోకి వదులుతుంది, ఆ వెచ్చబడిన గాలే రేడియేటర్‌ను చేరుతుంది. 45 డిగ్రీల గాలి కండెన్సర్ దాటేసరికి 55 అయిందనుకుంటే, మిగిలిన తేడా 40. చలికాలంతో పోలిస్తే సగానికన్నా తక్కువ. అందుకే జనవరిలో బయటపడని ఫ్యాన్ లోపం మే నెలలో బయటపడుతుంది.

ఎప్పుడు వేడెక్కుతోంది?

లోపం వెతకడంలో మొదటి పరికరం స్పానర్ కాదు, ఈ ప్రశ్న. ఆగినప్పుడు, నెమ్మదిగా కదిలేటప్పుడు మాత్రమే వేడెక్కితే ఫ్యాన్‌నూ దాని విద్యుత్ వలయాన్నీ చూడాలి. హైవే మీద వేగంగా పోతున్నప్పుడు వేడెక్కితే గాలికి కొదవ లేదు కాబట్టి ఫ్యాన్ మీద అనుమానం తగ్గుతుంది. అప్పుడు కూలెంట్ కారిపోవడం, రేడియేటర్ గొట్టాల్లో పేరుకున్న పొలుసు, తెరుచుకోని థర్మోస్టాట్, అరిగిన వాటర్ పంప్ వరుసలోకి వస్తాయి. ఆగినా, పరుగెత్తినా వేడెక్కుతుంటే ముందుగా, ఇంజన్ పూర్తిగా చల్లారాక, కూలెంట్ మట్టం చూడాలి.

మట్టం సంగతి ఫ్యాన్‌కూ వర్తిస్తుంది. ఉష్ణోగ్రత సెన్సార్ కూలెంట్‌లో మునిగి ఉండాలి. కూలెంట్ బాగా తగ్గిపోతే సెన్సార్ చుట్టూ గాలో ఆవిరో మిగులుతుంది. ఇంజన్ ఉడుకుతున్నా అది తక్కువ వేడిని చూపవచ్చు. ముల్లు కదలదు, ఫ్యాన్ తిరగదు. ఫ్యాన్ పాడైందని మార్చినా ఫలితం ఉండదు.

ఫ్యాన్ తిరగకపోతే

అంబాసిడర్ లాంటి పాత కార్లలో ఫ్యాన్‌ను ఇంజనే బెల్టుతో తిప్పేది. అవసరం ఉన్నా లేకున్నా అది తిరుగుతూనే ఉండేది. ఇంజన్‌ను అడ్డంగా అమర్చే నేటి చిన్న కార్లలో ఫ్యాన్‌కు సొంత విద్యుత్ మోటారు ఉంటుంది. కావలసినప్పుడే తిరగడం దీని లాభం. అయితే సెన్సార్, కంప్యూటర్, రిలే, ఫ్యూజు, వైర్లు, మోటారు అన్నీ సక్రమంగా ఉంటేనే అది తిరుగుతుంది. గొలుసులో ఒక్క కొక్కెం ఊడినా పని ఆగిపోతుంది.

గొలుసును రెండు ముక్కలు చేసే తేలికైన పరీక్ష ఒకటుంది. ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేయాలి. చాలా కార్లలో కండెన్సర్ కోసం ఫ్యాన్ వెంటనేగానీ, కొద్దిసేపట్లోగానీ తిరుగుతుంది. ఏసీ వేస్తే తిరుగుతూ, ఇంజన్ వేడెక్కినప్పుడు మాత్రం తిరగకపోతే మోటారు బాగానే ఉన్నట్టు లెక్క. లోపం సెన్సార్ వైపు ఉండవచ్చు. రెండు సందర్భాల్లోనూ తిరగకపోతే ఫ్యూజు, రిలే, వైర్లు, మోటారు చూడాలి. రెండు ఫ్యాన్లున్న కార్లలో ఏది తిరుగుతోందో గమనించాలి. ఏసీలో గ్యాస్ తక్కువగా ఉంటే ఈ పరీక్ష తప్పుదారి పట్టించవచ్చు.

తర్వాత ఫ్యూజు. అది కాలిపోయి ఉంటే అదే ఆంపియర్ల కొత్త ఫ్యూజు వేయాలి. అదీ కాలిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, లేదా మోటారు బిగుసుకుపోయి ఎక్కువ కరెంటు లాగుతోంది. పెద్ద ఫ్యూజు వేయడం, తీగ ముక్క చుట్టడం లోపాన్ని తీర్చవు, వైరింగ్‌ను తగలబెడతాయి.

ఆపైన రిలే. కంప్యూటర్ పంపే చిన్న కరెంటుతో రిలేలోని విద్యుదయస్కాంతం పనిచేసి, మోటారుకు కావలసిన పెద్ద కరెంటు దారి తెరుస్తుంది. అదే పెట్టెలో అదే నంబరున్న మరో రిలే ఉంటే, రెంటినీ తారుమారు చేసి చూడటం మెకానిక్‌లు పాటించే సులువైన పద్ధతి. రిలే మార్చగానే ఫ్యాన్ తిరిగితే సమాధానం దొరికినట్టే.

మిగిలింది మోటారు. దాని కనెక్టర్ విప్పి, ఫ్యూజు ఉన్న వైరుతో నేరుగా బ్యాటరీ నుంచి 12 వోల్టులు ఇస్తే తిరగాలి. తిరగకపోతే మోటారులోని కార్బన్ బ్రష్‌లు అరిగి ఉండవచ్చు, బేరింగ్ పట్టేసి ఉండవచ్చు. పట్టి తడితే తిరిగి, మళ్లీ ఆగే మోటారు కూడా చివరి దశలో ఉన్నట్టే.

తిరుగుతున్నా చల్లబడకపోతే

ఫ్యాన్ తిరగడం ఒకటి, చాలినంత గాలి లాగడం మరొకటి. కనెక్టర్‌లో తుప్పు పట్టి 0.15 ఓమ్‌ల నిరోధం ఏర్పడిందనుకుందాం. 20 ఆంపియర్ల కరెంటు పారితే అక్కడే 3 వోల్టులు పోతాయి. మోటారు మందగిస్తుంది. పోయిన 60 వాట్ల శక్తి కనెక్టర్‌ను కాల్చి ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. కరిగిన కనెక్టర్ కనిపిస్తే మోటారు ఒక్కటే మార్చి ఊరుకోకూడదు. ఫ్యాన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర, మోటారు దగ్గర వోల్టేజిని మల్టీమీటర్‌తో కొలిస్తే ఈ నష్టం ఇట్టే తెలుస్తుంది.

రిపేరు చేశాక వచ్చే వింత లోపం ఇంకొకటి. బ్రష్‌లున్న డీసీ మోటారుకు వైర్లు తారుమారైతే అది వెనక్కి తిరుగుతుంది. శబ్దం వస్తుంది, రెక్కలు తిరుగుతాయి, కానీ గాలి ఎదురుదిశలో పోతుంది. ఫ్యాన్ రేడియేటర్ వెనుక ఉన్న కారులో, ఆగి ఉన్నప్పుడు గ్రిల్ ముందు ఒక కాగితం పట్టుకుంటే అది లోపలికి లాగబడి అతుక్కోవాలి. బయటికి ఎగిరితే వైర్లు చూడాలి.

దుమ్ము మరో శత్రువు. ఖనిజం, బొగ్గు లారీలు తిరిగే పారిశ్రామిక ప్రాంతంలో కండెన్సర్, రేడియేటర్ల పలుచని రేకుల మధ్య ధూళి పేరుకుని గాలి దారి మూసుకుపోతుంది. చల్లారిన ఇంజన్‌పై, తక్కువ ఒత్తిడి నీటితో, లోపలి వైపు నుంచి బయటికి కడగడం మంచిది. ఎక్కువ ఒత్తిడితో కొడితే రేకులు వంగిపోతాయి. ఫ్యాన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగును కూడా తీసేయకూడదు. గాలిని రేడియేటర్ మొత్తం నుంచి లాగేలా చేసేది అదే.

ఆగకుండా తిరిగితే

ఫ్యాన్ ఎప్పుడూ తిరుగుతూ ఉండటమూ లోపమే. సెన్సార్ నుంచి సమాచారం రాకపోతే చాలా కార్లలో కంప్యూటర్ ప్రమాదం రాకుండా ఫ్యాన్‌ను పూర్తి వేగంతో నడుపుతుంది. కాబట్టి సెన్సార్, దాని వైరు చూడాలి. ఇంజన్ ఆపి చాలాసేపైనా తిరుగుతుంటే రిలేలోని స్పర్శ బిందువులు అతుక్కుపోయి ఉండవచ్చు. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది.

విసుగెత్తిన కొందరు ఫ్యాన్‌ను "డైరెక్ట్" చేయిస్తారు, అంటే సెన్సార్‌తో సంబంధం లేకుండా తాళం తిప్పగానే తిరిగేలా వైరు కలిపిస్తారు. దారిలో చిక్కుకుంటే ఇల్లు చేరడానికి ఇది పనికొస్తుంది. ఫ్యూజు లేకుండా కలిపితే మంటల ప్రమాదం, శాశ్వతంగా వదిలేస్తే మోటారు త్వరగా అరుగుతుంది, అసలు లోపం దాగిపోతుంది. థర్మోస్టాట్ తీసేయడమూ ఇలాంటి చిట్కాయే. ఇంజన్ తగిన వేడికి ఆలస్యంగా చేరుతుంది, ఇంధనం ఎక్కువ తాగుతుంది. ఆగిన కారుకు మాత్రం గాలి రాదు.

మూత ముట్టుకోవద్దు

వేడెక్కిన కారులో ప్రాణాంతకమైన తప్పు రేడియేటర్ మూత తెరవడం. మూత లోపల ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. సుమారు ఒక బార్ అదనపు ఒత్తిడి వద్ద నీరు 120 డిగ్రీల దాకా మరగదు. 115 డిగ్రీల దగ్గరున్న నీటిపై ఒత్తిడి ఒక్కసారిగా పోతే, ప్రతి లీటరులో 28 గ్రాముల దాకా క్షణాల్లో ఆవిరవుతుంది. ఆ ఆవిరికి 45 లీటర్లకు పైగా చోటు కావాలి. అది మూత నుంచి మరిగే నీటిని వెంటబెట్టుకుని ముఖం మీదికి ఎగజిమ్ముతుంది.

ముల్లు ఎర్ర గుర్తు చేరితే ఏసీ ఆపి, పక్కకు తీసి, ఇంజన్ ఆపేయాలి. ఆవిరి వస్తుంటే బానెట్ ఎత్తే తొందర వద్దు. మూత తెరవడానికి ముందు అరగంట, గంటైనా చల్లారనివ్వాలి. వేడి ఇంజన్‌లో చన్నీళ్లు పోస్తే హెడ్ పగలవచ్చు. తాళం తీసేసినా విద్యుత్ ఫ్యాన్ తనంత తాను తిరగగలదు కనుక, బ్యాటరీ వైరు విప్పకుండా రెక్కల దగ్గర చేయి పెట్టకూడదు.

ఘాట్ ఎక్కే ముందు

ఉక్కు కర్మాగారం ఉద్యోగాల కోసం ఆంధ్ర నుంచి వచ్చి భిలాయిలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. వేసవి సెలవుల్లో కారులో కాంకేర్, జగదల్‌పూర్, కోరాపుట్ మీదుగా సాలూరు, విజయనగరం వైపు వెళ్లేవారికి దారిలో కేశ్‌కాల్ ఘాట్ వస్తుంది, సాలూరు చేరే ముందు మరికొన్ని కొండ మలుపులు ఎదురవుతాయి. నిండు కారు, చిన్న గేరు, ముందు లారీ: ఇంజన్ పని గరిష్ఠం, ఎదురుగాలి కనిష్ఠం. సుపేలా దగ్గర ముల్లును కొద్దిగా కదిలించిన లోపం ఇక్కడ హెడ్ గాస్కెట్‌ను బలి తీసుకోగలదు.

బయలుదేరే ముందు రోజు ఇంటి ముందే ఒక పరీక్ష చేయవచ్చు. చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం చూసి, ఆరుబయట ఏసీ లేకుండా ఇంజన్‌ను నడవనివ్వాలి. ముల్లు మధ్యకు వచ్చాక ఫ్యాన్ మొదలవ్వాలి, కాసేపటికి ఆగాలి, మళ్లీ మొదలవ్వాలి. ఇలా రెండు మూడు సార్లు జరిగి ముల్లు స్థిరంగా ఉంటే గొలుసంతా పనిచేస్తున్నట్టు. ముల్లు మధ్య గీత దాటినా ఫ్యాన్ కదలకపోతే ఇంజన్ ఆపేసి, ప్రయాణానికి ముందే మెకానిక్ దగ్గరికి వెళ్లాలి. అక్కడ "బండి వేడెక్కుతోంది" అనడం కన్నా "ఆగినప్పుడే వేడెక్కుతోంది, నడిస్తే తగ్గుతోంది" అని చెబితే సగం వెతుకులాట తప్పుతుంది.